మధ్యయుగ ఆంగ్లో-ఫ్రెంచిలో నడికట్టు, దుస్తుల బిగింపు పదజాలం

1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక ఆ దేశంలో వేళ్లూనుకున్న ఫ్రెంచి రూపాన్ని ఆంగ్లో-ఫ్రెంచి లేదా ఆంగ్లో-నార్మన్ అంటారు. సుమారు నాలుగు వందల ఏళ్లు అది రాజాస్థానంలో, న్యాయస్థానాల్లో, వర్తకుల లెక్కల్లో, పిల్లల చదువుల్లో వాడుకలో ఉంది. నడికట్టు, అంగీ, పైవస్త్రం, మేజోళ్లు ఒంటి మీద నిలిచేలా బిగించే సాధనాలకు ఆ భాషలో పెద్ద పదసంపదే ఉండేది. బకిల్, బటన్, బ్రోచ్, లేసు, గార్టర్, పెండెంట్, టాసెల్ అనే మాటలు ఇంగ్లీషులోకి ఆ దారినే వచ్చాయి. మోర్డౌంట్, నూచ్, ఫెర్మాయిల్ వంటివి కొంతకాలం నిలిచి, ఆ తర్వాత కనుమరుగయ్యాయి.

ఒక మామూలు నడికట్టుకు ఇన్ని పేర్లు ఎందుకు పుట్టాయన్న ప్రశ్నకు జవాబు దాని తయారీలో ఉంది. మధ్యయుగపు నడికట్టు ఒక్కరి చేతిలో తయారయ్యేది కాదు. తోలు పదునుచేసేవాడు, పట్టీ నేసేవాడు, బకిల్ పోతపోసేవాడు, బిళ్లలను అతికించే మేకులు చేసేవాడు, వెండి పూత పెట్టేవాడు వేర్వేరు మనుషులు. ప్రతి భాగానికీ వేరే ధర ఉండేది. ఏ భాగాన్ని ఏ లోహంతో చేయాలో, దాన్ని ఎవరు ధరించవచ్చో చట్టం చెప్పేది. అమ్మాలన్నా, వీలునామాలో రాయాలన్నా, నిషేధించాలన్నా ప్రతి ముక్కకూ ఒక పేరు కావాలి. అందుకే ఈ పదజాలాన్ని చదవడమంటే అప్పటి బజారును, బడిని, సమాజంలోని హెచ్చుతగ్గులను ఒకేసారి చదవడం.

భాష, కాలం

మధ్యయుగ ఇంగ్లండులో మూడు భాషలు పక్కపక్కన నడిచాయి. లాటిన్ చర్చిది, విద్యావంతులది, ప్రభుత్వ లెక్కలది. ఇంగ్లీషు జనసామాన్యానిది. ఫ్రెంచి మొదట నార్మన్ ప్రభువుల ఇంటిభాష. 13వ శతాబ్దం నాటికి వాళ్ల ఇళ్లలో కూడా పిల్లలకు పనిగట్టుకుని నేర్పాల్సిన భాష అయింది. అయినా కాగితం మీద దాని పట్టు సడలలేదు. 1275 నాటి మొదటి వెస్ట్‌మిన్‌స్టర్ చట్టం ఫ్రెంచిలోనే వెలువడింది. కోర్టుల్లో వాదనలు ఇంగ్లీషులో జరగాలని 1362లో చేసిన చట్టాన్ని కూడా ఫ్రెంచిలోనే రాశారు. పార్లమెంటు చట్టాలు 15వ శతాబ్దం చివరిదాకా ఈ భాషలోనే వచ్చాయి.

ఇది పారిస్ ఫ్రెంచికి చెడిపోయిన రూపమని చాలాకాలం పండితులు తేలిగ్గా చూశారు. దశాబ్దాల పాటు ఆంగ్లో-నార్మన్ నిఘంటువుకు సారథ్యం వహించిన విలియం రోత్‌వెల్ ఈ అభిప్రాయాన్ని గట్టిగా ఖండించారు. ఇది ఒక దేశపు పాలన, వ్యాపారం, న్యాయం నడిపిన సజీవ భాష అని ఆయన చూపించారు. దుస్తుల పదజాలం ఆ మాటకు బలమైన సాక్ష్యం. చెడిపోయిన భాషకు బకిల్ ముల్లుకు, ఆ ముల్లు దూరే బెజ్జానికి, ఆ బెజ్జం పొడిచే ఆరెకు వేర్వేరు పేర్లు ఉండవు.

ఆనాటి అక్షరక్రమం స్థిరంగా ఉండేది కాదు. ఒకే మాటను లేఖకులు నాలుగైదు విధాలుగా రాసేవారు. నేటి ఫ్రెంచిలో పలకని చివరి హల్లులు అప్పుడు పలికేవి. ఈ వ్యాసంలో పదాలను ఆ పాత ఉచ్చారణకు దగ్గరగా ఇచ్చాం.

పాఠ్యపుస్తకాల్లో నడికట్టు

ఈ పదాలకు అత్యంత విలువైన ఆధారాల్లో ఒకటి నైటు వాల్టర్ ఆఫ్ బిబ్బెస్‌వర్త్ 13వ శతాబ్దంలో రాసిన ‘ట్రెటీజ్’. డియోనీసీ ద మాంచెన్సీ అనే ప్రభుకుటుంబ స్త్రీ తన ఇంటి పిల్లలకు ఫ్రెంచి నేర్పించుకోవడానికి ఆయన దీన్ని పద్యరూపంలో కూర్చాడు. బిడ్డ పుట్టడంతో మొదలై ఒంటి భాగాలు, బట్టలు, పొలం పనులు, వంట, విందు అంటూ సాగుతుంది. పంక్తుల మధ్య కష్టమైన ఫ్రెంచి మాటలకు ఇంగ్లీషు అర్థాలు రాసిన ప్రతులు అనేకం మిగిలాయి.

పిల్లలు బట్టలు వేసుకునే ఘట్టంలో నడికట్టు వస్తుంది. తలకు ముసుగు, అంగీకి బొత్తాలు, ఆ తర్వాత నడుముకు తోలుపట్టీ. పట్టీ చుట్టుకోవడానికి వాడే క్రియకు, గర్భవతి అనే మాటకు మధ్య ఫ్రెంచిలో ముందు చేరే చిన్న ఉపసర్గే అడ్డు. ఆ రెండూ కలిపేసుకోవద్దని కవి పిల్లలను హెచ్చరిస్తాడు. ఆపైన బిగింపు ఎలా జరుగుతుందో వరసగా చెబుతాడు. వేలాడే కొస, అంటే పెండౌంట్, మోర్డౌంట్ గుండా దూరుతుంది. హార్దిలూన్, అంటే ముల్లు, ఆరెతో పొడిచిన బెజ్జంలోంచి పోతుంది. ఆరెకు వాడిన సుబిలూన్ అనే మాట లాటిన్ సుబులా నుంచి వచ్చింది. నాలుగు పంక్తుల్లో ఒక యంత్రం పనితీరును పిల్లల కళ్లకు కట్టిన ఈ పద్ధతి భాషాబోధనలో ఈ రోజుకూ ఆదర్శమే.

ఇంగ్లండులో పుట్టి పారిస్‌లో పాఠాలు చెప్పిన జాన్ ఆఫ్ గార్లండ్ 13వ శతాబ్దం మొదట్లో ‘డిక్షనేరియస్’ అనే లాటిన్ పదసంగ్రహం రాశాడు. పారిస్ వీధుల్లో ఏ దుకాణంలో ఏం దొరుకుతుందో చెబుతూ మాటలు నేర్పే పుస్తకం ఇది. బకిళ్లు చేసేవాళ్లు బకిళ్ల మీద, ముళ్ల మీద, మోర్డౌంట్ల మీద, గుర్రపు కళ్లేల సామాను మీద డబ్బు గడించారని అందులో ఉంది. ఇంగ్లండులోని ప్రతుల్లో ఈ లాటిన్ మాటల పక్కన ఆంగ్లో-ఫ్రెంచి అర్థాలు కనిపిస్తాయి. 15వ శతాబ్దం మొదట్లో కూర్చిన ‘ఫెమినా’ అనే పుస్తకం బిబ్బెస్‌వర్త్ పాఠాన్ని తిరగరాసి కొత్త తరానికి అందించింది.

నడికట్టు పేర్లు

నడికట్టుకు సర్వసాధారణమైన పేరు సెయింత్యూర్. చుట్టుకోవడమనే అర్థమున్న లాటిన్ సింగెరె ధాతువు దీనికి మూలం. దీని పొట్టి రూపం సెయింట్. ప్రధానంగా తోలుపట్టీని చెప్పే మాట కొరేయె. ఇది చెప్పుల తాడుకు లాటిన్‌లో ఉన్న కొరిగియా అనే పేరు నుంచి వచ్చింది. కత్తి వేలాడదీయడానికి భుజం మీదుగా వేసుకునే పట్టీ బౌద్రే. ఇంగ్లీషులో బాల్డ్రిక్ అనేది దీనికి బంధువే.

పట్టుతోనో సన్నని నూలుతోనో గట్టిగా నేసిన పట్టీని తిస్సు అనేవారు. నేయడమనే అర్థమున్న తిస్త్ర అనే క్రియకు ఇది భూతకృదంతం. దాని మీద వెండి బిళ్లలు బిగిస్తే ఖరీదైన నడికట్టు తయారయ్యేది. ఇంగ్లీషులో టిష్యూ అనే మాట ఈ నేత నుంచే బయలుదేరి, పల్చని బట్టకు, శరీర కణజాలానికి, చివరికి కాగితపు రుమాలుకు పేరైంది.

లోదుస్తును నడుము దగ్గర బిగించే బొందు పేరు బ్రాయెల్. బ్రే అనే వదులు లాగులాంటి వస్త్రానికి పై అంచులో దీన్ని దూర్చి కట్టేవారు. ఈ మాట ఓడల మీదికి చేరి, తెరచాపను మడిచి కట్టే తాడుకు బ్రెయిల్ అనే ఇంగ్లీషు పేరై నిలిచింది. బొందు పని, తెరచాప తాడు పని ఒకటే కాబట్టి ఈ ప్రయాణం సహజంగానే జరిగింది.

బకిల్, ముల్లు

బూక్ల్ అనే మాటకు మూలం లాటిన్ బుక్కులా. దానికి ‘చిన్న చెంప’ అని అర్థం. రోమన్ శిరస్త్రాణానికి చెంప మీదుగా వచ్చే పట్టీని అలా పిలిచారు. ఆ తర్వాత డాలు మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే గుబ్బకు కూడా అదే పేరు పెట్టారు. ‘రోలాండ్ గీతం’ అనే వీరకావ్యానికి మిగిలిన ప్రతుల్లో అతి పాతది ఆంగ్లో-నార్మన్ ప్రతే. ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉన్న ఆ ప్రతిలో ఈ మాట డాలు గుబ్బనే చెబుతుంది. గుబ్బ ఉన్న డాలు బూక్లెర్. ఇంగ్లీషులో చిన్న డాలును బక్లర్ అనడం అందువల్లే.

నడుము మీది చట్రానికి ఈ పేరు 12వ శతాబ్దానికే స్థిరపడింది. అప్పట్నుంచి ఆ రెండర్థాలూ కొంతకాలం కలిసి బతికాయి. కాబట్టి పాత పత్రంలో బూక్ల్ అని కనిపించగానే నడికట్టు సామాను అనుకోకూడదు. చుట్టూ ఉన్న మాటలు చూసి తేల్చుకోవాలి. తోలుపట్టీ, ముల్లు, వెండి వంటి మాటలుంటే బకిల్. ఈటె దెబ్బ, మేకులు, పగలడం వంటివుంటే డాలు.

ముల్లుకు పేరైన హార్దిలూన్ జర్మానిక్ మూలం నుంచి వచ్చిందంటారు. మెలితిప్పిన కొమ్మతో చేసే కట్టుతాడును పాత ఫ్రెంచిలో హార్ట్ అనేవారు. దాని నుంచి ఇది పుట్టింది. నేటి ఫ్రెంచిలో ఆర్దియోన్ అన్న రూపంలో బకిల్ ముల్లుకు అదే పేరు. ఇంగ్లీషు మాత్రం దీన్ని తీసుకోలేదు. ఆ భాషవాళ్లు తమ సొంత మాటతో దాన్ని ‘నాలుక’ అనే పిలుస్తూ వచ్చారు.

మోర్డౌంట్, పెండౌంట్: ఒక చిక్కుముడి

ఈ పదజాలంలో పండితులను ఎక్కువగా ఆలోచింపజేసిన జంట ఇది. పెండౌంట్ అంటే వేలాడేది. బకిల్ గుండా దూర్చాక ముందుకు వేలాడే పట్టీ కొసకు, ఆ కొసకు తొడిగే లోహపు తొడుగుకు కూడా ఆ పేరే. మధ్యయుగ సమాధుల మీది శిల్పాల్లో, ఇత్తడి ఫలకాల్లో మోకాళ్ల దాకా దిగే ఇలాంటి కొసలు కనిపిస్తాయి.

మోర్డౌంట్ అంటే కరిచేది. ఏం కరుస్తుంది, ఎక్కడ కరుస్తుంది అన్నదే ప్రశ్న. ఫ్రెంచి ఆస్తుల జాబితాల్లో బకిల్, మోర్డౌంట్ జంటగా వస్తాయి. అక్కడ మోర్డౌంట్ పట్టీ రెండో చివర ఉండే కొస తొడుగు. పట్టీ చివరను రెండు రేకుల మధ్య బిగించి పట్టుకుంటుంది కాబట్టి ఆ పేరు సరిపోయింది. బిబ్బెస్‌వర్త్ పాఠంలో అలా కాదు. అక్కడ వేలాడే కొసే మోర్డౌంట్ గుండా దూరుతుంది. అంటే అది బకిల్ వైపున ఉండే భాగం కావాలి. బకిల్‌ను పట్టీకి అతికించే రేకు కావచ్చు, బకిల్ చట్రమే కావచ్చు. పట్టీని రెండు రేకుల మధ్య కరిచి పట్టడం బకిల్ రేకుకూ వర్తిస్తుంది.

ఈ తేడాను పొరపాటుగా కొట్టిపారేయడం సరికాదు. పేరు ఆకారానికి పెట్టింది కాదు, అది చేసే పనికి పెట్టింది. తోలును కరిచే లోహం పట్టీకి ఏ చివరనున్నా మోర్డౌంటే. కాబట్టి ప్రతి పత్రంలోనూ పక్కనున్న మాటలే దాని చోటును నిర్ణయిస్తాయి. నిఘంటువు ఒక్క అర్థాన్నే ఎంచుకుని ఉంటే సగం ఆధారాలు తప్పుగా కనబడేవి.

పట్టీ మీది బిళ్లలు

బకిల్‌కు, కొసకు మధ్య పట్టీ పొడుగునా లోహపు బిళ్లలు వరసగా ఉండేవి. ఇవి అలంకారమే కాక, పట్టీ సాగకుండా, బెజ్జాలు చిరగకుండా కాపాడేవి. అడ్డంగా బిగించే సన్నని కమ్మీ పేరు బార్. గుండ్రని మేకుతల వంటిది క్లూ. అన్ని రకాల బిళ్లలనూ కలిపి మెంబ్ర్ అనేవారు. దానికి అవయవమని అర్థం.

పారిస్ నగరాధికారి ఎతియెన్ బ్వాలో 1268 ప్రాంతంలో వృత్తుల నియమావళిని గ్రంథస్థం చేయించాడు. అందులో అతాషేర్ అనే వృత్తివాళ్లున్నారు. తోలుపట్టీ మీద బకిళ్లను, మోర్డౌంట్లను, మెంబ్రలను అతికించే చిన్న మేకులు చేయడమే వాళ్ల పని. ఒక్క మేకు కోసం ఒక వృత్తి, దానికి ప్రత్యేక నియమాలు. పనివిభజన ఎంత లోతుకు దిగిందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఇది పారిస్ మాట అయినా, లండన్ బజారులోనూ ఇవే పదాలు చలామణీ అయ్యాయి.

బిళ్లలన్నీ బిగించి పట్టీని సిద్ధం చేయడాన్ని రెండు క్రియలతో చెప్పేవారు. ఒకటి గార్నిర్, అమర్చడం. దీని నుంచి ఇంగ్లీషు గార్నిష్ వచ్చింది. మరొకటి హార్నెయిస్‌కు సంబంధించింది. నేడు హార్నెస్ అంటే గుర్రపు సామాను. అప్పుడు వెండి బిళ్లలు తొడిగిన నడికట్టును కూడా ఆ మాటతోనే వర్ణించేవారు.

పైవస్త్రపు పిన్నులు, పతకాలు

మెడ దగ్గర అంగీ చీలికను, భుజాల మీద పైవస్త్రాన్ని పట్టి ఉంచే లోహపు సాధనాలకు నాలుగైదు పేర్లున్నాయి. ఫెర్మాయిల్ వాటిలో ముఖ్యమైనది. ఫెర్మెర్ అనే క్రియకు పాత అర్థం గట్టిచేయడం, బిగించడం. మూసివేయడం అనే అర్థం తర్వాతి కాలంలో బలపడింది. చట్టాల్లోనూ ప్రభువుల కానుకల జాబితాల్లోనూ ఫెర్మాయిల్ తరచుగా కనిపిస్తుంది. రాజకుమారుడు జాన్ ఆఫ్ గాంట్ కార్యాలయ రికార్డులు ఫ్రెంచిలోనే ఉన్నాయి. కానుకగా ఇచ్చిన ఆభరణాల వివరాలు వాటిలో దొరుకుతాయి. వంశచిహ్నాల శాస్త్రంలో బకిల్ బొమ్మను ఇప్పటికీ ఫెర్మాయిల్ అనే అంటారు.

నూచ్ రత్నాలు పొదిగిన పతకం. ఇది కూడా జర్మానిక్ మూలానిదే. ఇంగ్లీషులో దీని ముందు ఏకవచనపు ఉపపదం చేరినప్పుడు మొదటి హల్లు ఆ ఉపపదానికి అంటుకుపోయింది. మిగిలినది ఔచ్. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో నిర్గమకాండం 28వ అధ్యాయంలో అహరోను వస్త్రాల బంగారు జవలకు ఈ పేరే వాడారు. దానికి రెండధ్యాయాల ముందు గుడారపు తెరలను కలిపే యాభై బంగారు గుండీలకు వాడిన టాచ్ కూడా ఫ్రెంచి నుంచి వచ్చిన మాటే. మామూలు వాడుకలో పోయిన రెండు బిగింపు పదాలు ఇలా మతగ్రంథంలో నిలిచిపోయాయి.

బ్రోచ్ మొదట మాంసం గుచ్చి కాల్చే ఇనుప చువ్వ. గుచ్చే సూది ఉంది కాబట్టి పతకానికి ఆ పేరు వచ్చింది. ఎస్పింగ్ల్ మామూలు గుండుసూది. ముల్లు అనే అర్థమున్న లాటిన్ స్పీనా దీనికి మూలం. క్రోచెట్ చిన్న కొక్కెం.

టాసెల్ చరిత్ర మరీ ఆసక్తికరం. నేడు అది కుచ్చు. 13వ శతాబ్దంలో పైవస్త్రానికి రెండు వైపులా కుట్టి, మధ్యలో తాడు వేసి బిగించే బిళ్ల. తాడు కొసలు ఆ బిళ్లల నుంచి అలంకారంగా వేలాడేవి. బిళ్లల ఫ్యాషన్ పోయాక పేరు వేలాడే కొసలకు మిగిలింది.

బొత్తాలు, నాడాలు, గార్టర్లు

బొటూన్ అనే మాట నెట్టడం, పొడుచుకురావడం అనే అర్థమున్న బూటెర్ నుంచి వచ్చింది. మొక్క మొగ్గకూ అదే పేరు. మొదట్లో బొత్తాలు చాలావరకు అలంకారంగానే ఉండేవి. కాజాలతో కలిపి బిగించే వాడుక 13వ శతాబ్దంలో బలపడి, 14వ శతాబ్దానికి ఒంటికి అతుక్కునే బట్టల కోతనే మార్చేసింది. లండన్‌లో థేమ్స్ ఒడ్డున బేనర్డ్స్ కాజిల్ దగ్గర జరిపిన తవ్వకాల్లో 14వ శతాబ్దపు చేతి గుడ్డ ముక్కలు దొరికాయి. వాటి అంచు పొడుగునా దగ్గరదగ్గరగా గుడ్డ బొత్తాలు, వాటికి ఎదురుగా చక్కగా కుట్టిన కాజాలు ఉన్నాయి.

లాస్ అంటే నాడా, కట్టుతాడు. ఉచ్చు అనే అర్థమున్న లాటిన్ లాకెయుస్ నుంచి వచ్చింది. 12వ శతాబ్దపు ప్రభుకుటుంబ స్త్రీలు పక్కల నాడాలు బిగించి తొడిగే వస్త్రాలు ‘లాన్వాల్’ కథాకావ్యంలో కనిపిస్తాయి. అల్లిక పనిని లేసు అనడం 16వ శతాబ్దపు పరిణామం. మేజోళ్లను పై అంగీకి కలిపి కట్టే పొట్టి తాళ్లు పాయింట్లు. వాటి కొసకు సులువుగా దూరడం కోసం తొడిగిన లోహపు గొట్టం ఎగులెట్, అంటే చిన్న సూది. బూట్ల లేసు చివరి గట్టి తొడుగును ఇంగ్లీషులో నేటికీ యాగ్లెట్ అనే అంటారు.

గార్తియెర్ మోకాలి కింద మేజోడును పట్టి ఉంచే పట్టీ. పారిస్ ఫ్రెంచిలో దీని మొదటి ధ్వని జకారంగా మారింది. ఉత్తర ఫ్రాన్స్ మాండలికాల్లో గకారమే నిలిచింది. ఇంగ్లండుకు వచ్చింది ఆ ఉత్తరాది రూపం. మూడవ ఎడ్వర్డు 1348 ప్రాంతంలో స్థాపించిన గార్టర్ బిరుదు సంఘపు చిహ్నం ఒక బుల్లి నడికట్టు. బకిల్, ముల్లు, బెజ్జాలు, ముడివేసి వేలాడదీసిన కొస, అన్నీ అందులో స్పష్టంగా ఉన్నాయి. దాని మీది నినాదమూ ఫ్రెంచే.

వృత్తి సంఘం, చట్టం

లండన్ నడికట్టు పనివాళ్ల సంఘం 1327లో రాజపత్రం పొందింది. పట్టు, ఉన్ని, తోలు, నార, ఏ పట్టీ మీదనైనా ఇత్తడి, రాగి, ఇనుము, ఉక్కు తప్ప అంతకు తక్కువ లోహం అతికించరాదని అందులో నియమం. సీసం, తగరం బిళ్లలు తొందరగా వంగి విరిగిపోతాయి, పైకి మాత్రం వెండిలా మెరుస్తాయి. కొనేవాడు మోసపోకూడదన్నది ఉద్దేశం. 1391లో మరో చట్టం తెల్లలోహపు బిళ్లలను అనుమతించింది. లండన్ తవ్వకాల్లో సీసం-తగరం బిళ్లలు దొరికాయి. చవక సరుకుకు జనంలో గిరాకీ ఉండేదని అవి చెబుతున్నాయి.

1363 నాటి వస్త్రధారణ చట్టం ఈ పదాల్లో చాలావాటిని ఒకే వాక్యంలో గుదిగుచ్చింది. చేతివృత్తులవాళ్లు, వాళ్ల స్థాయివాళ్లు బంగారంతోగానీ వెండితోగానీ చేసిన నడికట్టు, కత్తి, ఫెర్మాయిల్, ఉంగరం, గార్టర్, నూచ్, రిబ్బను, గొలుసు ధరించరాదు. బండి తోలేవాళ్లు, నాగలి దున్నేవాళ్లు, పశువులు కాసేవాళ్లు, నలభై షిల్లింగుల ఆస్తి లేనివాళ్లు ముతక ఉన్ని మాత్రమే కట్టుకోవాలి. నడికట్టు నారబట్టతో చేసినదై ఉండాలి. ఒక మనిషి నడుము చూస్తే అతని అంతస్తు తెలియాలన్నది పాలకుల కోరిక. ఈ చట్టం మరుసటి పార్లమెంటులోనే రద్దయింది. ఇలాంటి నిషేధాలు మాత్రం తర్వాతి శతాబ్దంలోనూ మళ్లీ మళ్లీ వచ్చాయి. జనం ఆ వస్తువులను ఆశపడి కొనుక్కుంటూనే ఉన్నారని ఆ పునరావృత్తే నిరూపిస్తుంది.

సాహిత్యంలో

12వ శతాబ్దం చివరి భాగంలో ఇంగ్లండులో కావ్యాలు రాసిన మరీ ద ఫ్రాన్స్ ‘గిజ్‌మార్’ కథలో ప్రేమికులు విడిపోయే ముందు ఒకరికొకరు ఆనవాళ్లు పెట్టుకుంటారు. ఆమె అతని చొక్కా అంచుకు ముడి వేస్తుంది. అతను ఆమె ఒంటికి నడికట్టు చుట్టి బకిల్ పెడతాడు. ముడిని కత్తిరించకుండా విప్పగలిగిన స్త్రీనే అతను, బకిల్‌ను విరగ్గొట్టకుండా తీయగలిగిన పురుషుణ్నే ఆమె ప్రేమించాలి. చివరకు ఒకరినొకరు గుర్తుపట్టేది ఆ ముడితో, ఆ నడికట్టుతోనే. బిగింపు ఇక్కడ మాట నిలబెట్టుకోవడానికి రూపం.

ఫ్రాన్స్‌లో గియోమ్ ద లోరిస్ 13వ శతాబ్దంలో ఆరంభించిన ‘గులాబీ కావ్యం’లో ఐశ్వర్యదేవత నడికట్టు వర్ణన ఉంది. బకిల్‌లోని రాయి విషం నుంచి కాపాడుతుంది, మోర్డౌంట్‌లోని రాయి పంటినొప్పి తగ్గిస్తుంది. కవి చాసర్‌కు ఆపాదించే ఇంగ్లీషు అనువాదం ఆ రెండు మాటలనూ దాదాపు అలాగే ఉంచేసింది.

చాసర్ ‘కాంటర్‌బరీ కథల్లో’ ఈ పదాలు పూర్తిగా ఇంగ్లీషువైపోయాయి. న్యాయవాది పట్టు సెయింట్ మీద సన్నని బార్‌లు ఉంటాయి. వడ్రంగి భార్య ఆలిసన్ సెయింట్ మీదా బార్‌లున్నాయి, ఆమె కాలరు మీది బ్రోచ్ డాలు గుబ్బంత వెడల్పు. వృత్తి సంఘాల పెద్దల కత్తులకు ఇత్తడి తొడుగులు కావు, వెండి తొడుగులు. దాదాపు అదే కాలపు ‘సర్ గవేన్, ఆకుపచ్చ నైటు’ కావ్యంలో కథను మలుపుతిప్పే ఆకుపచ్చ నడికట్టును కవి గర్డిల్ అనే దేశిపదంతోనూ, లేస్ అనే ఫ్రెంచిపదంతోనూ చెబుతాడు.

ఏవి నిలిచాయి, ఏవి పోయాయి

గర్డిల్, క్లాస్ప్, హాస్ప్, నాట్ వంటి దేశిపదాలు ఇంగ్లీషులో చెక్కుచెదరలేదు. కట్టుకోవడం, ముడివేయడం అనే పనులకు పాత మాటలే చాలాయి. బజారులో కొనే సామానుకు, ఫ్యాషనుతో పాటు వచ్చిన వస్తువుకు మాత్రం ఫ్రెంచి పేరు నిలిచింది. వస్తువు ఎవరి చేతి నుంచి వచ్చిందో పేరు కూడా వాళ్ల నోటి నుంచే వచ్చింది. ఫెర్మాయిల్, నూచ్ వంటి పతకాల పేర్లు ఆ ఆభరణాల ఫ్యాషనుతో పాటే తెరమరుగయ్యాయి.

కొన్ని మాటలు ఇంగ్లండు దాటి తెలుగు దాకా వచ్చాయి. బొత్తాము పోర్చుగీసు బొతావ్ నుంచి మనకు దక్కింది. ఆ పోర్చుగీసు మాటకు మూలం పాత ఫ్రెంచి బొటోన్. నరసాపురం ప్రాంతపు స్త్రీలు అల్లే క్రోషే లేసు పేరులోని రెండు మాటలూ, కొక్కెం, నాడా, ఒకప్పటి బిగింపు సాధనాలే. దర్యాప్తు సంస్థలు ఆస్తులను అటాచ్ చేశాయని మన పత్రికలు రాస్తాయి. ఆ న్యాయార్థం ఇంగ్లీషు చట్టానికి ఆంగ్లో-ఫ్రెంచి ఇచ్చిందే.

పరిశోధన

ఆంగ్లో-నార్మన్ నిఘంటువు 1977–1992 మధ్య భాగాలుగా అచ్చయింది. విస్తరించిన కూర్పు ఇప్పుడు ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంది. జెఫ్ ఈగన్, ఫ్రాన్సెస్ ప్రిచర్డ్ 1991లో ప్రచురించిన గ్రంథం 1150–1450 మధ్య లండన్ వాసులు వాడిన బకిళ్లు, బిళ్లలు, కొస తొడుగులు, పతకాలను బొమ్మలతో సహా వర్గీకరించింది. 2006లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో మొదలైన వస్త్ర పదకోశ ప్రాజెక్టులో గేల్ ఓవెన్-క్రాకర్, లూయిస్ సిల్వెస్టర్ తదితరులు బ్రిటన్‌లోని అన్ని మధ్యయుగ భాషల దుస్తుల మాటలను ఒకచోట చేర్చారు.

ఈ మూడు కృషులూ కలిసినప్పుడే పదజాలం సంపూర్ణంగా అర్థమవుతుంది. మోర్డౌంట్ అన్న మాట నిఘంటువులో రెండర్థాలతో నిలబడి ఉంటుంది. మట్టిలోంచి తీసిన బకిల్ రేకు పేరు చెప్పదు. పట్టీని రెండు రేకుల మధ్య ఎలా కరిచిందో మాత్రం చూపిస్తుంది. పత్రాలు చదివేవాళ్లు, తవ్వకాలు చేసేవాళ్లు ఒకరి పని ఒకరు చూసుకుంటూ సాగడమే ఈ రంగానికి దొరికిన సరైన పద్ధతి. వృత్తిపదాల నిఘంటువు కూర్చే ఏ భాషవాళ్లకైనా అది అనుసరించదగ్గ మార్గం.